ఎండయే వస్త్రమైన దేవుని యెదుట

నాట్యము నేర్వబోవు బాలిక యే బట్ట కట్టుకొని రావలెనన్న ప్రశ్న పైకి జూడ దర్జీకి సంబంధించినదిగానో, ఇంటి ఖర్చుపట్టీలో నొక పద్దుగానో కన్పట్టును గాని, కొంచెము లోతునకు దిగి చూచినచో దేహమునకును దేహికిని, రూపమునకును భావమునకును, భక్తునకును భగవంతునకును నడుమ వ్రేలాడు తెర యెట్టిదన్న ప్రాచీనవిచారమే యందు దాగియున్నదని నాకు తోచుచున్నది. ఈ విచారమును నాలో రేకెత్తించినది శాస్త్రగ్రంథము కాదు. పలాసలో జీడిపిక్కలు కొట్టి జీవించు నొక తల్లి.

భాద్రపదమాసమున నొక సాయంకాలము కాశీబుగ్గలో ఒక గుడివసారాయందు నాట్యపాఠము జరుగుచుండగా నేను స్తంభమునకు చేరగిలి చూచుచుంటిని. ఇరువదిమంది బాలికలు, ఇద్దఱు బాలురు. కొందఱు నూలుచీరను మోకాలి దిగువవఱకు కుదించి పైజామామీద కట్టిరి. కొందఱు చుడీదారుపై చున్నీని భుజమునుండి నడుమునకు ఏటవాలుగా బిగించిరి. బడినుండి తిన్నగా వచ్చిన యొకతె బడిదుస్తులతోనే నిలిచెను. దసరా ప్రదర్శనకు కావలసిన పట్టుదుస్తులకును నగలకును అద్దె యింత యగునని ఆ దినముననే తల్లిదండ్రులకు తెలుపబడెను. పని దిగి కూతును తీసికొనిపోవ వచ్చిన యొక యామె నా ప్రక్కన కూర్చుండి, నా తెల్లపంచెను కళ్లజోడును చూచి నన్ను పంతులుగా నెంచి, మెల్లగా నడిగెను: "ఏటి పంతులుగారూ, పట్టుబట్ట కట్టకుండా గెంతితే మా గుంటని దేముడు సూడడేటండి?"

అడుగునపుడు ఆమె చేతులు నా కంటబడెను. జీడిపిక్కను పగులగొట్టునప్పుడు పెంకునుండి చిమ్ము సొన చర్మమును కాల్చి, కడిగినను పోని నలుపును వ్రేళ్లకు పట్టించును. కూతు వ్రేళ్లకొసలకు వినాయకచవితినాటి ప్రదర్శనకై పెట్టిన పారాణి యింకను వీడలేదు. హస్తముద్ర దూరమున నున్నవారికిని స్పష్టముగా కనబడవలెనని నర్తకి అరచేతికి, వ్రేళ్లకు ఎఱుపు పూయుట మన సంప్రదాయము. చాకలి బట్టమీద పెట్టు జీడిగుర్తు ఆ బట్ట యెవరిదో చెప్పును గదా! ఆ తల్లి వ్రేళ్లమీది జీడిగుర్తు ఆ బాలిక నాట్యము ఎవరి కష్టమున సాగుచున్నదో నాకు చెప్పినది. నేనప్పుడేమియు బదులాడలేక, చూతములెమ్మని తల యూపి వచ్చితిని. నాటి బాకీని ఈ వ్యాసముతో తీర్చుకొనుచున్నాను.

భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెఱగులుగా విభజించెను. వీనిలో మొదటిది దేహమునుండియు, రెండవది కంఠమునుండియు, నాలుగవది చిత్తమునుండియు పుట్టుచుండగా ఆహార్యమొక్కటియే, ఆ పేరే చెప్పుచున్నట్లు, బయటినుండి తెచ్చుకొనవలసినది. వస్త్రములు, పూలు, నగలు, ముఖమునకు దేహమునకు పూయు రంగులు మున్నగునవి యెల్ల దీనిలోనివే. టెక్కలి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట వచ్చి వ్రాలు ఎఱ్ఱకాళ్ల కొంగలను చూడుడు. జతకట్టు ఋతువున వాని మొగమున ఎఱుపును ఈకల గులాబిచాయయు తమంతట తామే గాఢములగును. పక్షికి ఆహార్యము లేదు. అలంకారము దాని నెత్తుటిలోనే కలదు. ఇంకొకరివలె కనబడవలెనన్న కోరికయు, అందులకై బయటినుండి ఏదేని తెచ్చి తొడుగుకొనవలసిన యవసరమును మానవునకే యేర్పడినవి. వేషము మానవుని పేదఱికమునకు గుర్తో, కల్పనాశక్తికి గుర్తో యనిన, రెంటికిని గుర్తే యని నా యభిప్రాయము.

నాట్యశాస్త్రములో మన సీమను సూటిగా తాకు మాట యొకటి యున్నది. నానాదేశముల వేషమును, భాషను, ఆచారమును తెలియజేయునది ప్రవృత్తి యని నిర్వచించి, ఆవంతి, దాక్షిణాత్య, పాంచాలి, ఓఢ్రమాగధి యని ప్రవృత్తులను నాలుగుగా చెప్పిరి. దాక్షిణాత్యమున కాశ్రయమైన పర్వతములలో మహేంద్రము పేరు కలదు. అది మన మందస వెనుక మబ్బులు తలకెత్తుకొని నిలిచిన మహేంద్రగిరియే. ఆ ప్రవృత్తికి చెప్పిన దేశములలో కళింగము కలదు; చిత్రమేమన, ఓఢ్రమాగధి దేశముల వరుసలోను కళింగము మరల కనబడును. అనగా రెండు వేషములును తనవే యని చెప్పుకొనగల సీమ యిది. నేటికిని పలాసలో బాలిక కూచిపూడి జడ వేసికొనుచుండగా, ఇచ్ఛాపురము దాటి బరంపురము దిక్కునకు పోయినచో ఆమె యీడుదే మఱియొక బాలిక ఒడిస్సీ వెండినగలు పెట్టుకొనుచుండును. నిర్వచనములో వేషమును భాషయు ప్రక్కప్రక్కన నిలుపబడిన సంగతిని పాఠకులు మనసున నుంచుకొనవలెను. తుదకు దానితో పని యున్నది.

ఇక శిక్షణకు తగిన దుస్తుల మాట. కూచిపూడియందును భరతనాట్యమునందును మోకాళ్లు రెండు ప్రక్కలకు వంచి నిలుచు అరమండియే సర్వమునకు పునాది. దానిలో మోకాలు ముందునకు వ్రాలినదా, నడుము వెనుకకు పోయినదా, వెన్ను నిటారుగా నున్నదా అనునవి గురువునకు తెలియకపోయినచో తప్పు ఎముకలలో కుదురుకొని జీవితాంతము వదలదు. అందుచేత పైజామామీద కుదించి కట్టిన నూలుచీరయు, నడుమున బిగించిన ఉత్తరీయమును ఏర్పడినవి, చిన్నపిల్లలకు లాల్చీ పైజామాయో, చున్నీ బిగించిన చుడీదారో చాలును, బాలురకు పంచెకట్టు. ఒడిస్సీలో మొండెము తరంగమువలె ప్రక్కలకు కదలవలెను గావున నడుము వంపు మఱుగుపడని రీతిగా చీరను ఒంటికి హత్తుకొనునట్లు కట్టుదురు. కథక్‌లో గిరగిర తిరుగు చక్రభ్రమణమునకు విచ్చుకొను ఘేరా గల కుచ్చెళ్లంగీయు, క్రింద చుడీదారును కావలెను. ఐరోపావారి బాలే తరగతిలో చర్మమువలె అంటుకొను దుస్తు తొడిగి, జుట్టును ముడిగా బిగించి, మెత్తని పాదరక్షలతో నిలిపింతురు. కండరపు రేఖ యంతయు కనబడుటయే అందలి కారణము. మన పట్టణములలో సినిమాపాటలకు నేర్పు పాశ్చాత్యనృత్యపు తరగతులలో టీషర్టు, ట్రాక్‌ప్యాంటు, మెత్తని అట్ట గల బూట్లు వాడుదురు. గట్టి నేలపై ఎగిరి దూకునపుడు మడమకు మోకాలికి దెబ్బ తగులకుండుటకు ఆ బూట్లు నిజముగా నవసరమే.

ఇన్ని భేదములున్నను వీని యన్నిటి క్రిందను సూత్రమొక్కటియే పాఱుచున్నది. అభ్యాసపు దుస్తు చూచువారిని మెప్పించుటకై యేర్పడినది కాదు. శిష్యుని దోషమును గురువు కంటికి పట్టి యిచ్చుటకై యేర్పడినది. ఉంగరము, పొడుగు గాజులు, వ్రేలాడు కమ్మలు, విరబోసిన జుట్టు తరగతిలో కూడదనుట కిదియే హేతువు. దేహమునకు సుఖమును చూచుకొనవలసినదే. పలాస చుట్టునున్న ఉద్దానము తీరపు ఉప్పుగాలిలో చెమట ఆఱదు. కృత్రిమపు దారముతో నేసిన బట్ట ఆ చెమటను పీల్చక ఒంటికంటుకొని దద్దురులు లేపును. మన జిల్లాలోనే పొందూరు స్త్రీలు వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి, సన్నని నూలు వడికి ప్రపంచమునకు చూపిరి. అట్టి సీమలో పుట్టిన బాలికకు నూలును మించిన అభ్యాసవస్త్ర మేమి కావలెను?

పాదముల సంగతి వేఱుగా చెప్పదగినది. మన శాస్త్రీయనాట్యమున పాదము నగ్నముగా నుండును. అడుగుమోత స్పష్టముగా వినబడుటకే కాదు. అడుగు వేయుటకు ముందు నర్తకి వంగి నేలను తాకి, నిన్ను త్రొక్కబోవుచున్నాను మన్నింపుమని భూమినమస్కారము చేయును. మన్నింపు వేడిన తల్లిని చెప్పులతో త్రొక్కుట యెట్లు? గజ్జెలును అట్టివే. నందికేశ్వరుని అభినయదర్పణము గజ్జెలు కంచువై, ఇంపైన మ్రోతగలవై, ఒక్కొక్క దానికి అంగుళము ఎడముగా నీలపుదారమున ముడివేయబడి, పాదమునకు నూఱో యిన్నూఱో యుండవలెనని చెప్పి, వానికి అధిదేవతలు నక్షత్రములని చెప్పినది. వానిని మొదటినాడే కట్టరు. అడుగులు కుదిరి, తాళము దేహమున నిలిచిన పిమ్మట గజ్జెపూజ చేసి గురువు చేతిమీదుగా ఇప్పింతురు. అనగా నాట్యములో నగ కొనదగినది కాదు, సంపాదింపదగినది. అంగడిలోని అద్దెనగకును ఈ గజ్జెకును గల యంతర మిదియే.

ఇచట నొక యాక్షేపణ కలుగును. సర్వాంతర్యామియైన ఈశ్వరునకు భావము చాలదా, బట్టతో నేమి పని యని జ్ఞానులందురు. దీనికి బదులు వెదకికొనుచు నేను టెక్కలి చెంత రావివలసలోని ఎండల మల్లికార్జునస్వామి యెదుట నిలిచితిని. ఎత్తైన ఆ శివలింగమునకు పైకప్పు లేదు. ఆకాశము క్రింద, ఎండకు ఎండి వానకు తడియుచు నుండును. ఆయన కెండయే వస్త్రము. అయితే ఆ స్వామి పేరు వెనుక స్థలపురాణము చెప్పు కథ వేఱొక దారిని చూపుచున్నది. వానరవైద్యుడైన సుషేణుడు అచట తపమొనర్చి దేహము చాలింపగా, హనుమంతుడు ఆ దేహముపై మల్లెలుంచి జింకచర్మము కప్పెననియు, మల్లికయు అజినమును కూడి మల్లికాజినుడన్న పేరు వచ్చి, అదియే మల్లికార్జునుడయ్యెననియు అందురు. తానేమియు కట్టుకొనని దేవుని నామధేయములోనే ప్రేమతో కప్పిన యొక వస్త్రము మడత పెట్టబడి యున్నది! దేవునకు బట్ట యక్కఱలేదు; కప్పవలెనన్న తపన కప్పినవానిది. ఈ రెండు సత్యములును అచట నొక్కచోటనే నిలిచియున్నవి.

నందికేశ్వరుడును శివుని స్తుతించుచు ఆయనకు జగత్తే ఆంగికము, సకలవాఙ్మయము వాచికము, చంద్రుడు నక్షత్రములు ఆహార్యము అని భావించెను. దీని తాత్పర్యము సూక్ష్మమైనది. శివునకు ఆహార్యము కూడ బయటినుండి తెచ్చుకొన్నది కాదు, తనలోనిదే. మనకు మాత్రము అది యెరవు. సాంఖ్యకారిక ఇంకను నిర్మొగమాటముగా చెప్పును: నర్తకి రంగమున తన్ను చూపుకొని ఎట్లు విరమించునో, అట్లే ప్రకృతి పురుషునకు తన్ను చూపుకొని విరమించునట. అక్కడ నగలు, చీరలు, రంగులు అన్నియు ప్రకృతివి. పురుషుడు చూచువాడు మాత్రమే. పలాస తల్లి తెలియకయే ఈ దర్శనపు నడిబొడ్డున వ్రేలు పెట్టినది. దేవుడు మెచ్చడా యని యామె యడుగలేదు, ఇవ్వడా యని యడుగలేదు, 'సూడడేటండి' యనినది. చూచుటయే స్వభావముగా గలవాడు పట్టు వచ్చినదని కన్ను తెఱవడు, నూలు వచ్చినదని కన్ను మూయడు.

అట్లయిన వేషమెల్ల వ్యర్థమా? కాదు, అది చూచువానికొఱకు గాక ఆడువానికొఱకు కావలసియున్నది. కూచిపూడి భామాకలాపమున సత్యభామ తెర వెనుకనుండి తన జడను ముందునకు వేసి తన్ను మించిన పాత్ర కలదేని రమ్మని సవాలు చేయును. ఆ జడను తరతరములుగా ధరించినవారు పురుషులు. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) ఆ వేషముననే లోకప్రసిద్ధులై, 1970లో పద్మశ్రీ నందిరి. మన ఉత్తరాంధ్రమున తూర్పుభాగవతమునందును పురుషులే సత్యభామలై ఆడిరి. గడ్డము గీసికొన్న గృహస్థుడు జడ కట్టిన క్షణమున తన పేరును, ఇంటిపేరును, తన మగతనపు గర్వమును ఆ జడముడిలో చుట్టి పెట్టును. వేషము ధరించుట యనగా పైకి తొడుగుకొనుట వలె కనబడును గాని, నిజమునకది విడిచివేయుట. తన్ను తాను విడువలేనివాడు ఎంత జరీ కట్టినను బొమ్మయే.

ఇందువలననే నా దృష్టిలో అభ్యాసవస్త్రము దీక్షావస్త్రము వంటిది. మేషసంక్రాంతికి ముందు గంజాము సీమలో దండనాటము నోచువారు పదుమూడో, పదునెనిమిదో, ఇరువదియొక్కటో దినములు నియమముతో నుండి నిత్యజీవితపు గుర్తులను ప్రక్కన బెట్టుదురు. అయ్యప్పదీక్షలో నల్లబట్ట కట్టినవానిలో యజమాని ఎవడో కూలి ఎవడో తెలియదు. మడియన్న పేరుతో మనము సాటిమనుష్యుని దూరముగా నిలిపిన పాపమొకటి కలదు. దీక్షయన్నది దానికి విరుగుడుగా మనుష్యులను దగ్గఱ చేర్చినది. తరగతిలో ఇరువదిమందియు నొక్కతీరు నూలు కట్టినపుడు, జీడిఫ్యాక్టరీ యజమాని బిడ్డయు, అందులో పిక్క కొట్టు నామె బిడ్డయు అడుగుతో మాత్రమే వేఱుగా తెలియుదురు. అంతకు మించిన దేవాలయప్రవేశము నే నెఱుగను.

అయినను వేషము నిర్దోషియైన వస్తువని నేను చెప్పజాలను. దానికి చరిత్రయున్నది. ఒకప్పుడు ఆలయమున నాడు స్త్రీలు పట్టును నగలను దేవునిపేర ధరించి, మనుష్యుల చేత భోగవస్తువులుగా చూడబడిరి. 1947లో మద్రాసు రాజధానిలో దేవదాసీ సమర్పణము నిషేధింపబడినప్పుడు మన ప్రాంతమును ఆ శాసనపు నీడలోనికే వచ్చినది. 1936లో అడయారున కళాక్షేత్రమును నెలకొల్పిన రుక్మిణీదేవి నర్తకి దుస్తులను క్రొత్తగా తీర్చిదిద్ది, గౌరవకుటుంబముల బాలికలకు నాట్యపుద్వారము తెఱచిరి. దేవదాసీ వంశమున పుట్టిన బాలసరస్వతి మాత్రము ప్రాతతీరు చీరకట్టునే నిలుపుకొని, తన అమ్మమ్మల కళ సిగ్గుపడదగినది కాదని దేహముతోనే వాదించిరి. ఒకరు బట్ట మార్చి కళను కాపాడిరి, ఒకరు బట్ట మార్చక కాపాడిరి. కాన బట్టలోనే పవిత్రతయో అపవిత్రతయో కలదనువారు ఇరువురిలో ఒకరికైనను అన్యాయము చేయుదురు.

పట్టు లేనిదే దైవసన్నిధి లేదనువారు మన గొల్లల తప్పెటగుళ్లను ఒక్కమాఱు చూచి రావలెను. గుండ్రని రేకువాద్యమును ఱొమ్మున కట్టి, రెండు అరచేతులతో దరువు వేయుచు, కాళ్ల గజ్జెలు ఘల్లుమన, పదునైదుమందియో ఇరువదిమందియో వలయముగా తిరిగి, ఒకరి భుజములపై నొకరు నిలిచి గోపురము కట్టుదురు. వారి వేషము లాగు, బనియను, కొన్ని రంగుగుడ్డలు. గంగమ్మ పేరు చెప్పి వారు ఎగిరినపుడు నేల అదరును గాని వారి దుస్తుల ధర యెంతయని ఎవరికిని స్ఫురింపదు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను ఈ తీరమునే తాకినది. అవి శరన్నవరాత్రులు. కొబ్బరి, జీడి, పనస కూలి, ఉద్యానవనమన్న పేరుగల ఉద్దానము ఒక్క ఉదయమున కట్టుబట్ట ఊడినట్లు నిలిచినది. కొబ్బరిమొక్క నాటిన మఱునాడు కాయదు; ఆ లోటు ఇండ్లలో ఏండ్లతరబడి మిగిలినది. ఆ దసరాకు అమ్మవారి యెదుట పట్టు కట్టలేని బిడ్డలెందఱో యుందురు. వారి మ్రొక్కు చెల్లలేదని చెప్పగల శాస్త్రము నాకు కనబడలేదు. కనబడినను దానిని నేను శాస్త్రమనను.

ఇక వాయిదా వేసిన మాట. భరతుడు వేషమును భాషను ఒక్క త్రాటన కట్టెనంటిని. ముఖలింగము చేరువ పర్వతాలపేటలో 1863లో జనించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరలభాషకు వ్యాకరణనిఘంటువులు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు తెలుగుభాషకు పట్టువస్త్రములు విప్పి నూలుబట్ట కట్టుడని తుదివఱకు పోరాడిరి. ఆయన నడచిన సీమలో కూర్చుండి నేనీ గ్రాంథికమున వ్రాయుట పండుగకు తాతగారి పట్టుపంచె తీసి కట్టుకొన్నట్టిది. అభిమానము కొలది కట్టితిని గాని అందులో ఆ మడతవాసన దాగదు. ఇన్ని పుటల పట్టుబట్టలో నేను తిప్పితిప్పి చెప్పిన దానినంతయు ఆ తల్లి తన నోటినూలుతో ఒక్క వాక్యమున అడిగివేసినది. ఎవరి వాక్యమును దేవుడు ముందుగా విని యుండునో పాఠకులే నిర్ణయింపగలరు.

నా నిర్ణయమిది. అభ్యాసవేషము అందఱకు సమానముగా, తప్పనిసరిగా నుండవలెను. రంగవేషము శక్తికొలదిగా, ఐచ్ఛికముగా నుండవలెను. పట్టు కట్టగలవారు కట్టుదురు గాక, అది కన్నుల పండుగయే. కాని నూలు కట్టిన బాలిక అడుగు సరిగా నున్నచో ఆమెను వెనుకవరుసకు త్రోయుట నాట్యమునకు ద్రోహము, దైవమునకు నింద. టెక్కలి, పలాస, సోంపేట, కవిటి యూళ్లలో నాట్యము నేర్పు ఉపాధ్యాయులకు, ఉపాధ్యాయినులకు నేను వినయముతో నొక కోరిక కోరుచున్నాను. దసరాకు పిల్లలకిచ్చు కాగితముపై దుస్తుల పట్టికలో మొదటి పంక్తిగా ఇట్లు వ్రాయుడు: ఉతికిన నూలుబట్ట, నడుమునకొక ఉత్తరీయము, బిగించిన జడ, కాళ్లకు గజ్జెలు, ఇంతకు మించినది ఇష్టమున్నవారికి. ఆ కాగితమును ఆ తల్లి నల్లని వ్రేళ్లతో పట్టుకొని చదివించుకొన్ననాడు ఆమెకు నా బాకీ తీరును.